లేటుగా వచ్చిన గజకేసరి

ఆ రోజుల్లో మా ఊళ్లో గడియారం ఉన్న ఇళ్లు తక్కువ, జాతకం లేని పిల్లలు ఇంకా తక్కువ. మరి పుట్టిన వేళ ఎలా తెలిసేదంటారా? మాచర్ల రైలుంది కదా! నేను కెవ్వుమన్నప్పుడే సాయంత్రం రైలు కూత పెట్టిందట (ఇద్దరిలో ఎవరు గట్టిగా అరిచారో మా నాయనమ్మ చివరిదాకా తేల్చలేదు). నాన్న స్టేషన్‌కు పోయి, గోడమీద బోర్డులో ఆ రైలు టైము చూసొచ్చి, అదే నా జన్మసమయమని ఖాయం చేశాడు.

పది పాసయ్యాక, నరసరావుపేట కాలేజీలో చేరతానని అన్నం మానేశాను (అటుకులు మానలేదు). నాన్న మెత్తబడ్డాడు గానీ, "సిద్ధాంతిగారు ఊఁ అంటేనే" అని మెలిక పెట్టాడు. ఆయన వచ్చి మా వసారాలో కూర్చుని, వేళ్లు మడిచి లెక్కగట్టి, పెదవి విరిచారు. "గురువుకి ఆరింట చంద్రుడు. శకట యోగం! బండి చక్రంలాగా పైకెక్కిందల్లా కిందికొస్తుంది. చదువు సాగదు. ఇంకో అరగంట ఆగి పుట్టుంటేనా, చంద్రుడు రాశి మారి సాక్షాత్తూ గజకేసరి యోగమే!"

"ఏమే, ఆ అరగంట ఆగితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు నాన్న, తప్పంతా నాదే అయినట్టు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చదువు పోయినట్టే అనుకున్నాను.

సిద్ధాంతిగారు సంచీ సర్దుకుని, "సాయంత్రం రైలుకి టైమైంది" అంటూ లేచారు. నాన్న నవ్వాడు. "కూర్చోండయ్యగారూ, కంగారేంది? నాకు ఊహ తెలిసిన కాడ్నించి ఆ రైలు ఒక్కనాడన్నా టయానికొచ్చిందా? ఎంత లేదన్నా గంట లేటు."

నేను ఎగిరి గంతేశాను. "నాన్నా! మరి నేను పుట్టిన్నాడు మాత్రం టయానికొచ్చిందా?"

లోపల్నించి నాయనమ్మ అందుకుంది. "అవున్రా! ఆ రోజు గూడా దీపాలు పెట్టిన చానాసేపటికి కూసింది ముదనష్టపు బండి!" సిద్ధాంతిగారు మళ్లీ కూర్చున్నారు, మళ్లీ వేళ్లు మడిచారు. "ఏడింట చంద్రుడు! ఏమయ్యోయ్, గజకేసరే!" నాన్న ఆయన్ని రైలెక్కించడానికి వెళ్లి, అటునుంచటే నా సీజన్ టికెట్ సంగతి కనుక్కొచ్చాడు. ఆ రాత్రి నేను మూడు మారులు వడ్డించుకుని తిన్నాను.

ఆ మాచర్ల రైల్లోనే కాలేజీకి పోయొస్తూ చదివాను. రోజూ లేటే, రోజూ చివాట్లే. ఏనుగూ రాలేదు, సింహమూ రాలేదు గానీ, టీచరుద్యోగం వచ్చింది. ఇప్పటికీ స్టేషన్లో, రైలు ఆలస్యమని మైకులో చెప్పగానే జనం తిట్టుకుంటారు. నేను మాత్రం, ఎక్కడో ఏ ఆడపిల్లో పుడుతోందేమో, కాస్త ఆగనివ్వండి అనుకుంటూ నాలో నేనే నవ్వుకుంటాను.