తల ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. నా కుడిచేతితో చేసిన పని అది. ఆ చేతిని బాగుచేసిన మనిషికే చేశాను.

ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. చెబుదామని ఫోన్ చేసిన ప్రతిసారీ కరెంటు బిల్లు గురించో, పిల్లల పరీక్షల గురించో మాట్లాడి పెట్టేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. పరాయివాళ్ళ ముందు సిగ్గు కాస్త తక్కువగా ఉంటుంది కాబోలు. ఇదీ ఒకరకం పిరికితనమేనా? అయి ఉండొచ్చు. అయినా చెబుతాను.

నేను వరంగల్‌లో సినిమా బ్యానర్లు వేసినవాణ్ణి. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకపోతే, బాగా వేసినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి మా కుంచెలను మూలన పడేశాక దోహా వచ్చి, ఒక డెకరేషన్ కంపెనీలో చేరాను. హోటళ్ళ గోడల మీద బొమ్మలు వేయడం నా డ్యూటీ.

బ్యానర్ పనిలో ఒక పద్ధతి ఉండేది. సినిమావాళ్ళు కొన్ని స్టిల్స్ పంపుతారు. హీరోయిన్ ముఖం ఒకదాంట్లో బాగుంటుంది, నిలబడిన తీరు ఇంకోదాంట్లో బాగుంటుంది. ఆ తల తెచ్చి ఈ ఒంటికి పెడతాం. ఒక్కోసారి ఆ ఒళ్ళు వేరే సినిమాలో వేరే అమ్మాయిది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. "మెడకాడ నీడ మంచిగ పడితే అతుకు కనబడదురా" అనేవాడు మా గురువు. ఆ నీడ వేయడంలో నన్ను మించినవాడు లేడని పేరు. ఇప్పుడు ఎవరైనా ఆ పేరు ఎత్తితే మాట మార్చేస్తాను.

దోహాలో ఒకసారి పరంజా మీద నుంచి జారి పడ్డాను. కుడి భుజం దెబ్బతింది. చేయి పైకి లేచేది కాదు. చేయి లేవని పెయింటర్‌ను ఏ కంపెనీ ఉంచుకుంటుంది? ఊళ్ళోనే అల్ సద్ అనే పేటలో ఒక క్లినిక్‌కు పంపారు. అక్కడ ఫిజియోథెరపీ చేసే ఆమెను ఇక్కడ సీనా అంటాను. అసలు పేరు కాదు. పసిఫిక్ సముద్రం నడుమ సమోవా అనే దీవుల దేశం నుంచి వచ్చింది. పొడుగు మనిషి, పొడుగు చేతుల చొక్కా, బిగించి కట్టిన ముడి. ఇంట్లో వ్యాయామం ఎగ్గొడితే భుజం ముట్టుకోగానే పట్టేసేది. "అబద్ధం నీ నాలుక ఆడుతుంది, నీ భుజం ఆడదు" అని నవ్వుతూ తిట్టేది. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. నాది ముక్కలు ముక్కలుగా, ఆమెది ఓపికగా. నెలల తరబడి ఆ భుజాన్ని పట్టి, తిప్పి, లాగి, చివరికి కుంచెను తలకన్నా పైకి ఎత్తేలా చేసింది.

ఒకరోజు నా ముంజేతి మీది పచ్చబొట్టు చూసి అదేమిటని అడిగింది. మా అమ్మ పేరన్నాను. మా నాయనమ్మకు రెండు చేతుల నిండా చుక్కలుండేవని, చచ్చినా మనిషి వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అనేదని చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. తమ దేశంలో ఆడవాళ్ళకూ ఒకటి ఉంటుందని, దాన్ని మాలు అంటారని చెప్పింది. తొడల మీద మొదలై మోకాళ్ళ కింది దాకా వస్తుందట. ఇంటివాళ్ళందరూ దగ్గర కూర్చుని వేయిస్తారట. అది వేయించుకున్న మనిషి ఇంటికీ ఊరికీ పనికొచ్చేలా బతకాలట. పెద్ద వేడుకల్లో నాట్యం చేసేటప్పుడు తప్ప నలుగురికీ చూపించరట. "సిగ్గుతో దాచుకోం. దానికొక సమయం ఉంటుంది" అంది. మోకాలి వెనుక వచ్చే గుర్తును, వ్యాయామాల బొమ్మలు గీసే తెల్లబోర్డు మీద గీసి చూపించింది. నేను చూడగానే తుడిచేసింది.

తుడిచేసినా నాకు గుర్తుండిపోయింది. మా కంటికి అదే శిక్షణ.

చేయి బాగయ్యాక నాకు వచ్చిన మొదటి పెద్ద పని అల్ సద్‌లోనే ఒక కొత్త రెస్టారెంట్. దక్షిణ సముద్రాల దీవులు అన్న పేరుతో అలంకరణ. గోడంతా బొమ్మ. మా కంపెనీ మేనేజర్ ఒక లావుపాటి పుస్తకం ఇచ్చాడు. ఎప్పుడో ఓడలెక్కి ఆ దీవులకు పోయిన యూరప్ చిత్రకారులు వేసిన బొమ్మలు. రంగులు అద్భుతం. కాదనను. కానీ ఎన్ని పేజీలు తిప్పినా ఒక్కరూ పని చేయరు. ఆడవాళ్ళు పడుకుని ఉంటారు, లేదా కూర్చుని ఉంటారు. చెవిలో పువ్వు, చేతిలో పండు, నిద్రకళ్ళు. బట్టలుతికే మనిషి లేదు. బడికి పోయే పిల్ల లేదు. సీనా వాళ్ళమ్మ లెక్కల టీచరు. ఆదివారం తెల్లబట్టలు, తెల్లటోపీతో చర్చికి పోయే ఆమె ఫొటో సీనా నాకు చూపించింది. పుస్తకంలో అలాంటి మనిషి ఒక్కరూ లేరు. అది నాకు తట్టింది. తట్టినా పక్కకు నెట్టాను. గిరాకీ అడిగింది పుస్తకంలోని దీవి.

అది నాకు కొత్తా? కాదు. వరంగల్‌లో అడవి సినిమా వచ్చిందంటే "కోయపిల్ల" అని రాసి పంపేవారు. చిరుతపులి మచ్చల గుడ్డ చుట్టి, జడలో ఈక పెట్టి వేసేవాణ్ణి. మా మేనమామ ఊరు ఏటూరునాగారం దగ్గర. సంతకు వచ్చే కోయ ఆడవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూశాను. నూలుచీర నిండుగా కట్టుకుని, చీపుళ్ళు అమ్మి, బేరంలో పైసా తగ్గని మనుషులు. కళ్ళారా చూసి కూడా బ్యానర్ మీద ఈకే పెట్టాను. ఓడలెక్కి పోయిన ఆ చిత్రకారులను నేనేం అనగలను?

మేనేజర్ ఒకటే షరతు పెట్టాడు. ఒళ్ళు మరీ కనబడకూడదు, కానీ ఆ మత్తు మాత్రం ఉండాలి. సరే, అటు తిరిగి, కాళ్ళు పక్కకు చాపి కూర్చుని భుజం మీదుగా మనవైపు చూసే అమ్మాయిని వేశాను. గుడ్డ తొడ దాకా జరిగింది. ఒళ్ళు పుస్తకంలోది. తల కావాలి. పుస్తకంలోని ముఖాలకు ప్రాణం లేదనిపించింది. అప్పుడు చేయి తనంతట తానే సీనా ముఖం వేసింది.

చూశారా, ఇప్పుడు కూడా "తనంతట తానే" అంటున్నాను. చేయి తనంతట తాను ఏమీ వేయదు. నేను వేశాను. బాగా కుదురుతుందని తెలిసి వేశాను. అసలు దీవిలా ఉండాలని మోకాలి వెనుక ఆ గుర్తు కూడా పెట్టాను. మెడ దగ్గర నీడ కూడా వేశాను. అతుకు కనబడలేదు. మేనేజర్ నా వీపు తట్టి, ఇంకో హోటల్ పని నీకేనన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదేనని అప్పుడు తోచలేదు. ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను.

కొన్నాళ్ళకు క్లినిక్ స్టాఫ్ ఎవరో ఆ రెస్టారెంట్‌కు భోజనానికి పోయారు. ఫొటో తీశారు. అది ఫోన్ల మీద తిరిగింది. సీనా సాయంత్రాలు మదీనత్ ఖలీఫా అనే పేటలో కొన్ని ఇళ్ళకు పోయి, ముసలి ఆడవాళ్ళకు మోకాళ్ళ వ్యాయామం చేయించేది. ఒక ఇంటివాళ్ళు ఇక రావద్దన్నారు. తర్వాత ఇంకో ఇల్లు. బొమ్మ కోసం అలా కూర్చున్న మనిషిని మా ఇంట్లోకి ఎలా రానిస్తామన్నారట. క్లినిక్ వాళ్ళు ఆమెను పిలిచి అడిగారు. కూర్చోలేదని ఆమె చెప్పినా వాళ్ళకు నమ్మకం కుదరలేదు.

ఆమె నాకు ఫోన్ చేసి, క్లినిక్ బయట టాక్సీలు ఆగే చోటికి రమ్మంది. వెళ్ళాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"అది మీరు వేసిందే కదా?" అంది.

తల ఊపాను.

"రేపు మా మేనేజర్ మిమ్మల్ని పిలుస్తారు. నేను మీ ముందు కూర్చోలేదని చెప్పండి. ముఖం మీరు గుర్తుపెట్టుకుని వేశారని, మోకాలి వెనుక గుర్తు నేను బోర్డు మీద గీసి చూపించానని చెప్పండి. అంతకన్నా ఏమీ వద్దు."

"చెప్తాను సిస్టర్. తప్పకుండా చెప్తాను."

"ఎందుకు వేశారు?"

"బాగుంటుందని."

"ఓడలో వచ్చినవాళ్ళు కూడా బాగుంటుందనే మమ్మల్ని అలా వేశారు. వాళ్ళకు మా గురించి ఏమీ తెలియదు, పోనీ. మీకు నేను తెలుసు కదా?" అంది.

రేపు వస్తానని చెప్పి టాక్సీ ఎక్కాను.

ఆ సాయంత్రం అల్ దోహా అల్ జదీదాలోని మా గదిలో ఖాదర్ భాయ్‌కి ఈ సంగతి సగం చెప్పాను. ఖాదర్ భాయ్ మా ఫోర్‌మన్, కరీంనగర్ మనిషి, నా మంచి కోరేవాడు. "నీకేమన్న దిమాగ్ ఖరాబైందా? అడగకుండ ఆడమనిషి మొహం గోడ మీద ఏసిన అని నీ నోటితోని నువ్వే చెప్తవా? ఈ దేశంల అది కేసైతది. కంపెనీ నిన్ను ఇంటికి తోల్తది. బుక్కుల నుంచి తీసిన అను. యల్లా, ఖతం" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. ఆయనకు సీనా ఎవరో తెలియదు. నాకు తెలుసు.

నిజం చెప్పాలంటే భయం సగమే. మిగతా సగం ఆ రెండో హోటల్ గోడ. చాలా పెద్ద గోడ. దాని మీద ఏం వేయాలో అప్పటికే మనసులో గీసేసుకున్నాను.

మర్నాడు క్లినిక్‌లో వాళ్ళ మేనేజర్, ఒక నర్సు, సీనా ఉన్నారు. ఆ ముఖం ఎవరిదని మేనేజర్ అడిగాడు. "పుస్తకం నుంచి తీశాను సార్. ఆ దీవుల్లో అందరూ అలాగే ఉంటారు" అన్నాను.

అందరూ అలాగే ఉంటారు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది నా నోటికి? నెలల తరబడి ఒక్క మనిషి చేతుల్లో బాగుపడి, ఆమె తిట్లూ, వాళ్ళమ్మ టోపీ అన్నీ తెలిసి, ఆ మాట ఎలా అన్నాను?

మరి మోకాలి వెనుక గుర్తు సంగతేమిటని నర్సు అడిగింది. డ్యూటీ బట్టలు మార్చుకునే గదిలో సీనా కాలి మీద అచ్చం అదే చూశానంది. పుస్తకం తెప్పించి తిరగేశారు. అందులో ఆ గుర్తు ఎక్కడా లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాళ్ళ లెక్క వాళ్ళు వేసుకున్నారు. గుర్తు పుస్తకంలో లేదు, ఆమె ఒంటి మీద ఉంది, బొమ్మలో ఉంది. అంటే నా ముందు అలా కూర్చుని చూపించిందన్నమాట. నేను అసలు నోరు విప్పకపోయినా ఆమెకు ఇంత చెరుపు జరిగేది కాదు. నా అబద్ధమే సాక్ష్యమైంది.

సీనా ఒక్కసారి నా భుజం వైపు చూసి, తలుపు తీసుకుని బయటికి పోయింది.

ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఎటు పోయిందో తెలియదు. వాళ్ళ దేశానికే పోయి ఉంటే, ఆ ఫొటో కూడా వెంట పోయిందేమో, వాళ్ళమ్మ చూసిందేమో అన్న ఆలోచన పని మధ్యలో వస్తుంది. రెండో హోటల్ గోడ నాకే ఇచ్చారు. బాగా వేశాను. ఆ రెస్టారెంట్ తర్వాత చేతులు మారింది. బొమ్మ మీద తెల్లరంగు కొట్టారు. కొట్టింది నేను కాదు, ఇంకో టీమ్. ఆమె నంబరు ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఎన్నోసార్లు తెరిచాను. క్షమించమని అడగాలా? అడిగితే ఆ బరువు కూడా ఆమె నెత్తిన పెట్టినట్టే కదా. ఇలా అనుకుని మూసేస్తాను. ఇది నిజంగా ఆమె గురించిన ఆలోచనో, నన్ను నేను కాపాడుకోవడమో నాకే తెలియదు. రెండోదే అని అనుమానం.

చెప్పుకుంటే పాపం పోతుందంటారు. పోదు. చెప్పాల్సిన చోట చెప్పని మాటకు వేరే చోట అంత విలువ ఉండదు. అయినా ఆ గదిలో మింగిన మాట ఇన్నేళ్ళూ గొంతులోనే ఉంది. దాన్ని ఒక్కసారైనా పూర్తిగా బయటికి అనాలి.

సార్, ఆ ముఖం ఈమెదే. నేను అడగకుండా వేశాను. ఆ గుర్తు ఈమె బోర్డు మీద గీసి చూపించి, తుడిచేసింది. ఈమె ఎప్పుడూ నా ముందు అలా కూర్చోలేదు. తప్పు నాది.