ఒక దగ్గు ఎలుక, రెండు దగ్గులు సంచి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదని నా గట్టి నమ్మకం. చేతిలో జువాలజీ డిగ్రీ, మూతి మీద కొత్తగా దట్టమైన మీసం, కడప నుంచి కువైట్ వచ్చి అప్పటికి రెండు నెలలు. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రాణ్ణి చెవి పట్టుకుని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది. (వినేవాడు కాదు, అది వేరే సంగతి.)

ఉద్యోగం దజీజ్‌లో, టైల్స్ గోడౌను పైన ఒక చిన్న ఆఫీసులో. ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు పొదల్లో కెమెరాలు కట్టి వదిలేస్తారు. ముందు ఏ ప్రాణి కదిలినా అవే ఫొటో తీస్తాయి. ఆ ఫొటోలు మా దగ్గరికి వస్తాయి. ఒక్కో ఫొటోనీ ఇద్దరు విడివిడిగా చూసి, అందులో ఉన్నది ఏ జంతువో చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తే అదే ఖాయం, కలవకపోతే మా సూపర్‌వైజరు, హైదరాబాదు మేడమ్, తేలుస్తుంది. అక్కడ రెండు రకాలున్నాయి. ఎక్కడి నుంచో వచ్చి చేరిన ఎలుకలు ఒకటి. ఎలుకంతే ఉండి, కంగారూలాగా పిల్లల్ని పొట్ట సంచిలో పెంచే బుల్లి జంతువులు ఇంకొకటి. ఈ సంచివే ఆ నేల మీద పుట్టినవి. నలుపు తెలుపు ఫొటోలో మాత్రం రెండూ ఒకే బూడిద ముద్ద.

నా పక్క సీటు రాయచోటి బావది. (చుట్టరికం ఏమీ లేదు. పక్క ఊరివాడు గల్ఫ్‌లో బావ అయిపోతాడు.) ఇద్దరికీ మూడు నెలల ప్రొబేషన్. మేడమ్ దాకా ఎక్కువ ఫొటోలు వెళితే ఇఖామా (అక్కడ ఉండనిచ్చే అనుమతి) కొట్టించరు, ఇంటికి పంపేస్తారు. మొదటి వారం మా ఇద్దరి మాటా ఎక్కడా కలవలేదు. బావ నన్ను టీకి పిలిచి, "ఒరే, మనోళ్ళం ఇద్దరం ఉండి ఒక మాట మీద ఉండకపోతే ఎట్లరా? ఫొటోలు ఇద్దరికీ ఒకే వరసలో వస్తాండాయి గదా. నేను ఒకసారి దగ్గితే ఎలుక, రెండుసార్లు దగ్గితే సంచి. నువ్వూ అదే నొక్కు, ఖలాస్" అన్నాడు. పంచాయితీలో మనవాళ్ళు పాటించే ధర్మమే కదా అని ఒప్పుకున్నాను. బావ ఎంత నమ్మకంగా దగ్గేవాడంటే, మేడమ్ జాలిపడి ఫ్లాస్కులో వేడినీళ్ళు పంపించేది. అయితే రోజంతా రెండేసి దగ్గులంటే గొంతు ఎండిపోతుంది. అందుకని "అనుమానమొస్తే ఎలుకే" అనే సూత్రం ఒకటి మెల్లగా పుట్టింది. అది ఎలుక కాదేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపించకపోలేదు. అయినా నొక్కాను.

ఒక గురువారం సాయంత్రం మేడమ్ మా దగ్గరికి వచ్చి, "మీ ఇద్దరిది మస్తు కలుస్తున్నది. ఒక్క ఫొటో గూడ నా దాంక రాలే. ఆ జాగల మొత్తం ఎలుకలేనని తేలింది. సోమవారం సంది అక్కడ ఎలుకల మందు పెడ్తరంట" అంది. బావ బల్ల కింద నా కాలు తొక్కాడు. ఇఖామా ఖాయమని దానర్థం. నేను ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పేశాను.

మర్నాడు శుక్రవారం. మా అమ్మ చెల్లెలు రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసేది. పదిహేనేళ్ళ కిందట ఇద్దరు పిల్లల్ని అమ్మమ్మకు అప్పగించి వచ్చింది. చిన్నదానికి అప్పటికింకా పాలు కూడా మాన్పించలేదు. శుక్రవారం మధ్యాహ్నం సెలవు దొరికితే, మామా (ఇంటి యజమానురాలిని అక్కడ అలాగే పిలుస్తారు) ఇచ్చిన మజ్బూస్ (అక్కడి బిర్యానీ) డబ్బాతో నా గదికి వచ్చేది. ఆ రోజు నా గొప్ప చాటుకుందామని ఎలుకని తేల్చి ఫోన్లో దాచుకున్న ఒక ఫొటో చూపించాను. (ఆఫీసు ఫొటోలు ఫోన్లో దాచుకోకూడదు. అదింకో తప్పు.)

"యాడరా ఎలుక?"

"అదే చిన్నమ్మా."

"ఇది ఎలుకేందిరా? ఎలుక తోక తాడు మాదిరి ఉంటాది. దీంది మొదట్లో ముల్లంగి మాదిరి ఉబ్బుండాది. శనక్కాయ చేన్లో నేను సూడని ఎలకలా?"

"నేను జువాలజీ చదివినా చిన్నమ్మా."

"సదివితే సదివినావులే, కండ్లు యాడ పెట్టినావు? ఈపు మీద ఏముండాయో సూడు."

ఎండుటాకు అనుకున్నాను నేను. చిన్నమ్మ వేళ్ళతో ఫొటో పెద్దది చేసింది. తల్లి వీపు మీద, సంచిలో పట్టనంత పెరిగిన నాలుగు పిల్లలు, బొచ్చు పట్టుకుని వేలాడుతున్నాయి. "ఏడికి పోయినా ఏసుకోనే పోతాంది తల్లి" అని ఆమె ఒక్కో పిల్లనీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. నాకు సోమవారం పెట్టబోయే మందు గుర్తొచ్చింది. దగ్గులతో సహా అంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"నీ ఇఖామా పోతే ఇంకోటి వస్తాదిరా. దాని ఈపు మీద నాలుగు పానాలుండాయి. పోయి సెప్పు."

ఆదివారం పొద్దున్నే మేడమ్ ముందు నిలబడ్డాను. ఇంటికి ఏమని చెప్పాలో దారిపొడవునా కూర్చుకుంటూనే వచ్చాను. ఆమె అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "దగ్గా? నేను వేడినీళ్ళు పంపించిన గదరా!" అంది. కోపం కంటే ఆ వేడినీళ్ళ బాధే ఎక్కువగా వినిపించింది. వెంటనే ఆస్ట్రేలియాకు ఫోన్ చేసింది. ఫొటోలన్నీ మళ్ళీ చూసేదాకా మందు ఆపేశారు. మా ఇద్దరికీ ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పెరిగింది. నా వంతుకు గాలికి గడ్డి ఊగిన ఖాళీ ఫొటోలు మాత్రమే వచ్చాయి. నెలరోజులు "ఏమీ లేదు, ఏమీ లేదు" అని నొక్కుతూ కూర్చున్నాను. బావ సీటు మార్చుకుని నాతో మాట్లాడటం మానేశాడు. ఆ చలికాలం అతనికి నిజంగానే జలుబు చేసింది, ఎంత దగ్గినా ఎవరూ ఫ్లాస్కు పంపలేదు.

చిన్నమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా ఆ తల్లి సంగతి అడిగేది. ఒక శుక్రవారం నా దగ్గర జవాబుంది. అదే చోట తీసిన కొత్త ఫొటోను మేడమ్ పిలిచి మరీ చూపించింది. అదే ముల్లంగి తోక. వీపు మీద ఎవరూ లేరు.

"పిల్లలు దిగిపోయినాయి చిన్నమ్మా. పెద్దవైపోయుంటాయి."

"దిగిపోనీలే నాయనా. ఏసుకునే రాత దానికైనా ఉండింది" అని చిన్నమ్మ నవ్వింది. డబ్బా మూత తీసి, "తిను చిన్నమ్మా, చల్లారిపోతాంది" అన్నాను.

ఇప్పుడు ఆ మేడమ్ కుర్చీలో నేనున్నాను. హాల్లో ఎవరైనా దగ్గితే తలెత్తి చూస్తాను. చాలాసార్లు అది ఉత్త జలుబే. వేడినీళ్ళు పంపించి, ఆ వరస ఫొటోలు మాత్రం నేనే ఇంకోసారి చూసుకుంటాను.