ఎవరూ పట్టుకోని చెయ్యి

ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. చూడనిది రాయలేదు. ఇదీ నా కళ్లతో చూసిందే... కానీ ఎక్కడా రాయలేదు. మీకే మొదటిసారి చెబుతున్నాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి. బోధన్‌లో మా పక్కింటి గంగారాం పాత గుండెజబ్బు మనిషి. షుగరూ ఉంది. ఆ రోజు ఛాతీలో నొప్పి అంటే భార్య సాయవ్వ ఆటోలో నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లింది. కరోనా రిపోర్టు ఉంటేనే లోపలికి అన్నారట. పరీక్షకు శాంపిల్ ఇచ్చి తిరిగొచ్చారు. చీకటి పడ్డాక ఆయనలో కదలిక లేదు.

ఇరవై ఏళ్లుగా ఆయనకు సూదులు వేసిన ఆర్‌ఎంపీ వచ్చాడు. గడప దాటలేదు. బయటి నుంచే టార్చి వేసి చూశాడు.

"అయిపోయిందక్కా. ముట్టకు. రిపోర్టు రానియ్యి."

మున్సిపాలిటీ బండికి నేనే ఫోన్ చేశాను. గల్లీలో కిటికీలన్నీ మూసుకున్నాయి. సాయవ్వ వాకిట్లో కూలబడింది. నేను గడప దగ్గర నిలబడ్డాను... మాస్కు మీద మాస్కు.

లోపల జీరో బల్బు. మంచం. ఆయన ఎడమ చేతికి బీపీ మిషన్ పట్టీ. సాయంత్రం సాయవ్వ కట్టింది. విప్పలేదు. మిషన్ ఆయన పక్కనే ఉంది.

పన్నెండు దాటింది. కుక్కలు కూడా అరవడం లేదు.

గుర్ర్ర్...

ఫ్రిజ్ అనుకున్నాను. ఆ ఇంట్లో ఫ్రిజ్ లేదు.

గుర్ర్ర్... పట్టీ ఉబ్బుతోంది. బటన్ నొక్కితే తప్ప ఆ మిషన్ మొదలు కాదు. గదిలో ఎవరూ లేరు. ఉబ్బింది... ఆగింది... మెల్లగా గాలి వదిలింది. టిక్... టిక్... ఒక్కో చప్పుడుకు తెర మీద చిన్న గుండె బొమ్మ వెలిగి ఆరింది.

తర్వాత అంకెలు. ఎనభై... యాభై. నాడి ముప్పై ఎనిమిది.

ఐదు అడుగుల దూరం. వెళ్లి చెయ్యి పట్టుకుంటే తెలిసిపోయేది. నేనూ గడప దాటలేదు. దయ్యమని కాదు... ఆ చెయ్యి ముట్టుకోవాలంటేనే భయం.

"ఏం సప్పుడన్నా?" వెనక నుంచి సాయవ్వ.

"ఏం లేదు చెల్లె."

బండి వచ్చింది. తెల్ల సూట్లవాళ్లు ఆయన్ని సంచిలో పెట్టి జిప్పు లాగారు. నేను పక్కకు జరిగి దారిచ్చాను.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. కరోనా లేదు.

తెలిసిన డాక్టరును అడిగాను. అలాంటి మిషన్లు ఒక్కోసారి తప్పు చూపిస్తాయన్నాడు. మరి దానంతట అది ఎలా మొదలైందంటే, బటన్ మీద ఏదో పడి ఉంటుందన్నాడు. గంగారాం వేలే పడిందా... ఏమో.

పోయిన నెల సాయవ్వ నన్ను దారిలో ఆపింది.

"అన్నా, ఆ రాత్రి గడప కాడ నువ్వే ఉన్నవ్ గద. ఆయన... నన్ను పిల్వలేదు గద?"

లేదనే చెప్పాను. నిజమో, అబద్ధమో... ఇప్పటికీ నాకు తెలియదు.