కెరువా జట్టు గుట్టు

గిగ్మాయ్ తన ట్రక్కు తాళంచెవిని శిలువతో పాటు ఒకే తాడుకి కట్టి మెడలో వేసుకునేవాడు. భక్తి కొద్దీ కాదు. దేవుడి పక్కన ఉన్న వస్తువుని కాజేసే ముందు ఎంత దొంగైనా ఒక్క క్షణం జంకుతాడని, ఆ క్షణంలో తను మేలుకోవచ్చని.

కెరువా కొండ మీంచి కుందియావా సంతకి మనుషుల్నీ, కాఫీ మూటల్నీ, పెళ్ళిళ్ళ రోజుల్లో పందుల్నీ దింపే ఆ ట్రక్కులో అద్దం రోడ్డుని చూపించేది కాదు, వెనక బల్లల మీద కూర్చున్నవాళ్ళ మొహాల్ని చూపించేది. రోడ్డు ఎక్కడికీ పారిపోదు, కనిపెట్టి ఉండాల్సింది మనుషుల్నే అన్నది అతని సిద్ధాంతం. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ట్రక్కులో పోయిన వస్తువు ఒకే ఒక్క గొడుగు. అది గిగ్మాయ్‌దే. తరవాత ఇంట్లోనే, మంచం కింద దొరికింది. దొరికినా, ఆ గొడుగు విషయంలో ఒకరిద్దరి మీద అతనికి అనుమానం పూర్తిగా తీరలేదు.

ఇలాంటి మనిషిని ఏరికోరి కెరువా రగ్బీ లీగ్ జట్టుకి సరంజామా పెద్దగా పెట్టుకున్నారు. బంతులు, చొక్కాలు, నీళ్ళ సీసాలు అతని అధీనంలో ఉంటే దేవుడి హుండీలో ఉన్నంత భద్రం అని ఊరి నమ్మకం. ఆ యేడు కెరువా జట్టు తిరుగులేకుండా గెలుచుకొస్తోంది. గెలిచిన జట్టుకిచ్చే జిల్లా డాలు ఏనాడూ కెరువా కొండ ఎక్కలేదు. ఈసారి ఎక్కుతుందని పాస్టరు గారు ప్రసంగంలోనే చెప్పేశారు. డాలు వేలాడదీయడానికి మేకు ఎక్కడ కొట్టాలన్న దాని మీద రెండు వంశాల మధ్య మాటలు కూడా ఆగిపోయాయి.

అడ్డు ఒక్కటే. నది అవతలి యోబల్ జట్టు.

కెరువాకీ యోబల్‌కీ భాషలు వేరు, పాటలు వేరు, పగలు మాత్రం ఉమ్మడివి. తాతల కాలంలో ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు బాణాలు వేసుకున్నారు. ఎవరి మీద బాణం వేస్తామో వాళ్ళింటి నుంచే పిల్లని తెచ్చుకోవాలి, మన పిల్లని వాళ్ళింటికే ఇవ్వాలి అన్నది ఆచారం. బాణాలు పోయి బంతి వచ్చింది గానీ వియ్యం అక్కడే నిలబడింది. అందువల్ల కెరువాలో ఏ పొయ్యి దగ్గర చూసినా యోబల్ కోడలే. గిగ్మాయ్ భార్య ఫిలోమినా అక్కడి పిల్లే. గిగ్మాయ్ చెల్లెలు లూసియాని కూడా యోబల్‌కే ఇచ్చారు. ఆమె కొడుకు యువాయ్ ఇప్పుడు యోబల్ జట్టులో బంతిని పంచే హాఫ్‌బ్యాక్.

లీగ్ చివరి ఆటలో కెరువా యోబల్‌ని ఓడించింది, డాలు తేల్చే ఫైనల్ కూడా మళ్ళీ వాళ్ళతోనే. కొండంతా సంబరపడింది, గిగ్మాయ్ తప్ప. గట్టు మీద నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడి అతను ఒక ఘోరం చూశాడు.

జట్టుకి ఆట నేర్పే ఓగస్టిన్ మాస్టారు ఎత్తుగడలన్నిటికీ మారుపేర్లు పెట్టారు. హాఫ్‌బ్యాక్ "కెటిల్" అని అరిస్తే బంతి ఎడమ కొసన ఆడే వైనే అనే కుర్రాడి చేతికి పోవాలి. "బిషప్" అంటే ప్రత్యర్థుల వెనక్కి ఎత్తుగా తన్నాలి. ఈ పేర్ల భావం జట్టుకీ, మాస్టారికీ, గిగ్మాయ్‌కీ తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అలాంటిది, ఆ రోజు కెటిల్ అన్న ప్రతిసారీ యోబల్ వాళ్ళు ఎడమ కొసన ముందే చేరి, విందుకి చుట్టాల్ని పిలిచినవాళ్ళలా వైనే కోసం ఎదురుచూశారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గిగ్మాయ్ పొయ్యి ముందు కూర్చున్నాడు. ఫిలోమినా బూడిదలో చిలగడదుంపలు తిప్పుతోంది.

"కెటిల్ గురించి నీకెవరు చెప్పారు?"

"ఏం, చిల్లు పడిందా?"

"నాటకాలు వద్దు. మొన్న మీ అన్న ఇంటికి ఎందుకెళ్ళావు?"

"చిలగడ తీగలకి. మన తోటలోవి పురుగు పట్టాయని నువ్వేగా పంపించావు."

"తీగ లాగితే డొంకంతా కదులుతుందని ఊరికే అనలేదు."

ఫిలోమినా కర్ర పక్కన పెట్టింది. "ఇంతకీ నేనేం చేశానంటావు? ఆ నోట్లో తిప్పుతున్నది బయట ఉమ్ము."

"మా ఆటలో గుట్టు నది దాటింది. నా పక్కలో పడుకున్న మనిషి పుట్టిల్లు నది అవతల. ఇంక నేను ఉమ్మేదేముంది?"

ఆమె సంతలో బేరం చెప్పినంత నిమ్మళంగా చెప్పింది.

"సరే వినయ్యా. నీకు పిల్లల్ని కన్నాను, పందుల్ని మేపాను, మీ అమ్మని ఒళ్ళో పెట్టుకుని సాగనంపాను. గుట్టు నా నోటి నుంచి పోయిందని తేల్చు. నా పందుల్ని తోలుకుని మా ఊరు పోతాను, మళ్ళీ ఈ మొహం చూడవు. తేల్చలేకపోయావా, సంతరోజున నీ ట్రక్కు మీదికెక్కి, నా పెళ్ళాం నోరు గట్టిది, నా బుర్రే మెత్తన అని అందరూ వింటూండగా చెప్పాలి. ఆ రెంట్లో ఏదో ఒకటి అయ్యేదాకా ఈ పొయ్యి మీద నీకు ఉడికేదేమీ లేదు."

దుంపలన్నీ సంచిలో వేసుకుని, సంచి తాడు నుదుటికి తగిలించుకుని, తోటలో ఉన్న పాకకి వెళ్ళిపోయింది. గుట్టు తెలిసినవాళ్ళే ఇంత ధీమాగా మాట్లాడతారని గిగ్మాయ్ అనుకున్నాడు. కాసేపటికి, తెలియనివాళ్ళు కూడా ఇలాగే మాట్లాడతారేమో అన్న ఆలోచన వచ్చింది గానీ, అది ఎవరో తన బుర్రలోకి పంపించిన ఆలోచనలా అనిపించి తోసేశాడు.

మర్నాడు ఓగస్టిన్ మాస్టారి దగ్గరికెళ్ళాడు.

"మాస్టారూ, కెటిల్ పోయింది. బిషప్ కూడా పోయే ఉంటాడు."

"మరేం చేద్దాం? కొత్త పేర్లు పెడితే కుర్రాళ్ళు కలగాపులగం చేస్తారు."

"పేర్లే వద్దు. మన భాషలో సూటిగా అరుద్దాం. ఎడమకి పో, ఇటు తే, వంగు, వదులు. యోబల్‌లో ఏ మొగాడికి మన భాష వచ్చు? సంతలో ఎదురుపడితే అందరికీ వచ్చిన పిజిన్ భాషలోనే కదా బేరాలు."

మాస్టారు ఆలోచించి, ఇది చాలా తెలివైన ఉపాయం అన్నారు. చదువుకున్నాయన అలా అన్నాక గిగ్మాయ్‌కి తన తెలివి మీద మాత్రం అనుమానం రాలేదు. ఆ యేడు అతను అనుమానించకుండా వదిలేసిన వస్తువు అదొక్కటే.

ఫైనల్‌కి ముందు జట్టుని శిబిరంలో పెట్టడం మామూలే. గిగ్మాయ్ దాన్ని కారాగారం చేశాడు. కొండ కొమ్మున ఉన్న కాఫీ గోదాములో కుర్రాళ్ళని పడుకోబెట్టి, ఫోన్లు తీసుకుని తన ట్రక్కులో పెట్టి తాళం వేశాడు. సీజనంతా జట్టుని మేపింది ఆటగాళ్ళ భార్యలే. సాయంత్రమయ్యేసరికి సంచుల నిండా దుంపలు, ఆకుకూరలు, ఆకుల్లో చుట్టి రాళ్ళ మీద కాల్చిన పంది మాంసం వచ్చేవి. ఇప్పుడు ఆ యోబల్ కోడళ్ళు కంచె దగ్గరే ఆగాలి, తెచ్చినదాన్ని గిగ్మాయ్ ఎదురుగా ముందు తామే తిని చూపించాలి. మొదటిరోజు నవ్వుకుంటూ తిన్నారు. రెండోరోజు నవ్వలేదు. మూడోరోజు రాలేదు. అప్పట్నించి కెరువా వీరులకి గిగ్మాయ్ స్వహస్తాలతో వండిన అన్నమూ, డబ్బాలో చేపా. ఆ అన్నం పైన పులుసులా, అడుగున బొగ్గులా ఉండేది. ఆకలికన్నా అనుమానం నయమా అని వైనే అడిగితే, ఈ ప్రశ్న నీచేత ఎవరు అడిగించారని గిగ్మాయ్ ఎదురడిగాడు.

ఒకరోజు ఫిలోమినా కంచె దగ్గరికి వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"ఏవో అరుపులు నా తోటదాకా వినిపిస్తున్నాయి. మాటలు మాత్రం తెలియడం లేదు. కొత్తగా ఏం చేస్తున్నారు?"

"అది తెలుసుకోవడానికేగా నిన్ను పంపించారు."

"ఎవరూ పంపలేదు. మావాళ్ళ తీరు నాకు తెలుసు కనక, మీరు చేసేది చెప్తే ఒక మాట సాయం చేస్తానని వచ్చాను."

"యోబల్ మాటసాయం మాకక్కర్లేదు."

"సరే," అంది ఆమె. వెళ్తూ వెళ్తూ, "అన్నం మాడుతోంది," అంది. ఆ వార్త నిజమే.

ఫైనల్ రోజున కుందియావా మైదానం చుట్టూ చెట్లు కూడా జనంతో వంగిపోయాయి. ఆట మొదలైంది. కెరువా హాఫ్‌బ్యాక్ తన భాషలో "ఎడమకి పో" అని గర్జించాడు. పదముగ్గురు యోబల్ వాళ్ళూ ఎడమకి పోయారు. "ఇటు తే" అన్నాడు. బంతి ఎటు వస్తుందో అటు యోబల్ భుజం ముందే వచ్చింది. "వంగు" అనగానే రెండు జట్లూ వంగాయి. విరామం దగ్గరపడేసరికి యోబల్ రెండుసార్లు గీత దాటి బంతిని నేలకానించి రెండు ట్రైలు చేసింది, కెరువా ఒక్కటీ చెయ్యలేదు.

గిగ్మాయ్‌కి ఆట కనిపించడం లేదు. అతను గట్టు మీద ద్రోహిని వెతుకుతున్నాడు. అవతల వైపు, యోబల్ ఆడవాళ్ళ గుంపులో, ఒక ఎర్ర గొడుగు పైకి లేచింది. పక్కకి వాలింది. మళ్ళీ లేచింది. ఇవి సైగలు కాకపోతే మరేమిటి? నీళ్ళ సీసాలు అక్కడే పారేసి, మైదానం చుట్టూ పరుగెత్తి, ఆ గొడుగు కాడని పట్టుకున్నాడు. గొడుగు కింద లూసియా ఉంది.

"ఏమే, ఈ గొడుగు ఎందుకలా తిప్పుతున్నావు?"

"చినుకులు పడుతున్నాయన్నయ్యా. నీ మీద పడటం లేదా?"

పడుతున్నాయి. గిగ్మాయ్ అప్పుడే చూసుకున్నాడు.

లూసియా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "అది సరే గానీ, మీవాళ్ళు ఏమిటిలా అరుస్తున్నారు? అచ్చం తోటలో నేను అరిచినట్టే ఉంది. మా యువాయ్ పాపం ఇందాక రెండుసార్లు ఇటు తిరిగి చూశాడు, నేనే పిలిచాననుకుని."

"వాడికి మన భాష ఎలా వచ్చు? నాతో ఎప్పుడూ పిజిన్‌లోనే మాట్లాడతాడు."

"మేనమామ దగ్గర మర్యాదగా మాట్లాడాలి కదా. వాడికి వచ్చినవన్నీ నా తిట్లూ, ఆజ్ఞలూనాయె. ఎడమకి పో, అక్కడ కలుపు తియ్యి. ఇటు తే ఆ గడ్డపార. వంగు. వదులు, కుక్కపిల్ల చస్తుంది. ఇవి తప్ప వాడికేం రావు." చుట్టూ ఉన్న ఆడవాళ్ళని చూపించింది. "ఇదిగో వీళ్ళ పిల్లలకీ అంతే. అందరం కెరువా నుంచి వచ్చినవాళ్ళమేగా."

గిగ్మాయ్ ఆ గుంపుకేసి చూశాడు. ఒకప్పుడు తన ట్రక్కులోనే, పందులతో, పాటలతో, ఏడుపులతో నది దాటించిన ఆడపిల్లలు. అద్దంలో వాళ్ళ మొహాలు అతనే కనిపెట్టి చూశాడు. ఊళ్ళోకి వచ్చిన ప్రతి కోడల్నీ శంకించాడు. ఊళ్ళోంచి వెళ్ళిన ఒక్క ఆడపడుచూ లెక్కలోకి రాలేదు. ఫిలోమినా కంచె దగ్గరకొచ్చి ఇస్తానన్న ఒక మాట ఇదే అయి ఉండాలి.

విరామంలో మాస్టారికి చెప్పాడు. మాస్టారు ముక్కుమీది కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "పాత పేర్లకే పోదాం," అన్నారు. కుర్రాళ్ళు శిబిరంలో కెటిల్‌ని మరిచిపోవడానికి పడ్డ శ్రమంతా ఇప్పుడు అడ్డొచ్చింది. సగంమంది కెటిల్‌కి, సగంమంది బిషప్‌కి పరుగెత్తారు. అయినా తంటాలుపడి రెండు ట్రైలు చేశారు. ట్రై తరవాత తన్నే గోల్ ఒక్కదాని తేడాతో యోబల్ ముందుంది. ఆఖరి నిమిషంలో కెరువా జట్టు యోబల్ గీత దగ్గరికి చేరింది. "కెటిల్" అన్న కేక కొండల్లో మోగింది. ఎడమ కొసన వైనే కాచుకుని ఉన్నాడు. నోట్లో వక్క రసం ఎర్రగా పక్కకి ఉమ్మాడు. యోబల్ వాళ్ళు నలుగురు, విందుకి పిలిచినవాళ్ళలా, అక్కడ ఉన్నారు.

డాలు నది దాటింది.

ఆట అయ్యాక యువాయ్ బురద మొహంతో వచ్చి గిగ్మాయ్ ముందు తల వంచాడు. మేనమామకి గెలుపులో వాటా చెప్పడం వాళ్ళ మర్యాద.

"ఒక్కటి చెప్పరా," అన్నాడు గిగ్మాయ్. "ఇందాకటి మా భాష సంగతి సరే. కెటిల్ అంటే ఏమిటో మీకెవరు చెప్పారు? లీగ్ ఆటలోనే తెలిసిపోయింది."

"కెటిల్ అంటే ఏమిటి మావా?"

"ఎడమ కొసకి ముందే ఎలా వచ్చారంటున్నా."

యువాయ్ కాస్త ఇబ్బందిపడ్డాడు. "మీ వైనే, బంతి తనకే వస్తుందని తెలిస్తే వక్క ఉమ్మేస్తాడు మావా. రాదంటే నములుతూనే ఉంటాడు. మైదానంలో అందరికీ కనిపిస్తుంది. మీరు చూడలేదా?"

గిగ్మాయ్ చూడలేదు. అతను ఎప్పుడూ మనుషుల మొహాలు, వాళ్ళ చుట్టరికాలు చూసేవాడు గానీ నోళ్ళలో ఏముందో చూసేవాడు కాదు.

తరవాతి సంతరోజున ట్రక్కు కాఫీ మూటలు దింపుకుంది. గిగ్మాయ్ క్యాబిన్ మీదికెక్కి నిలబడ్డాడు. ఇంతవరకు హారన్‌తో తప్ప ఆ మనిషి సంతతో మాట్లాడింది లేదు. జనం ట్రక్కు అమ్మకానికి పెట్టాడేమో అనుకుని మూగారు. ఫిలోమినా తన దుంపల కుప్ప వెనక కూర్చుని, తల ఎత్తకుండా మట్టి దులుపుతోంది.

"నా పెళ్ళాం నోరు గట్టిది," అన్నాడు గిగ్మాయ్. మెడలో తాడు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "గుట్టు మా కోడళ్ళు మొయ్యలేదు. నేనే నా ట్రక్కులో నది దాటించాను. నా బుర్ర మెత్తన."

"వెనకున్నవాళ్ళకి వినపడలేదు," అంది ఫిలోమినా, దుంప దులుపుతూనే.

మళ్ళీ చెప్పాడు. ఈసారి నది అవతలికి కూడా వినపడే ఉంటుంది. యోబల్ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కెరువా మొగవాళ్ళు ఎవరి ఇంటి కోడలి మొహమూ చూడలేక కాఫీ ధరల గురించి మాట్లాడుకున్నారు.

గిగ్మాయ్ దిగి, దుంపల కుప్ప పక్కన నేల మీద కూర్చున్నాడు. బొగ్గన్నం తిని తిని అతని బుగ్గలు పీక్కుపోయాయి. ఫిలోమినా పక్కనున్న పొయ్యి బూడిదలోంచి అప్పుడే తీసిన దుంప ఒకటి ఆకులో పెట్టి అతని ముందుకి తోసింది.

"ఇది మా అన్న తోటలో కాసింది," అంది. "ముందు నేను తిని చూపించాలా?"

గిగ్మాయ్ దుంప అంతా ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చురుక్కుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఉమ్మలేదు.