ఇరవై నాలుగు మాటల జోలపాట

మా ఇంటి సొమ్మును జోలపాటగా పాడి, నెమలి ఊరి గుడి దగ్గర దండోరా వేయించిన ఘనత నాది. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఆ రోజు నాకైతే నవ్వు రాలేదు.

పెళ్లికి ముందు ఉద్యోగం చేసేటప్పుడు కొంచెం క్రిప్టో కరెన్సీ కొనిపెట్టాను. మా పాపకు మూడేళ్లు దాటినా మాట రాలేదు. విజయవాడలో దానికి మాటలు నేర్పించే వైద్యానికి ఆ డబ్బే దిక్కు. అంతలో అలాంటి డబ్బు దాచే ఏదో ఎక్స్ఛేంజిని దొంగలు ఊడ్చేశారని వార్త వచ్చింది. భయపడి, పెన్‌డ్రైవంత ఉండే హార్డ్‌వేర్ వాలెట్ తెప్పించి డబ్బు అందులోకి మార్చాను. అది ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు చూపించి, వరస తప్పకుండా కాగితం మీద రాసి దాచుకోమంది. పరికరం పోయినా ఆ మాటలుంటే డబ్బు మనది. అవి ఇంకొకరి చెవిన పడితే డబ్బు వాళ్లది.

రాశాను. ఎక్కడ దాచాలి? బీరువాలో పెడితే చెదలు, బియ్యం డబ్బాలో పెడితే మా అత్తగారు. బీటెక్ చదివిన బుర్ర కదా, కేశవ నామాలు కూడా సరిగ్గా ఇరవై నాలుగే అని గుర్తొచ్చింది. అవి నోటికొచ్చినప్పుడు ఇవి రావా? బట్టీ పట్టి, కాగితాన్ని గ్యాస్ పొయ్యి మీద కాల్చేశాను. మరిచిపోతానేమోనని రోజూ పాపను నిద్రపుచ్చుతూ జోలపాట వరసలో పాడేదాన్ని. "లెమన్, టైగర్, విండో, అంబ్రెల్లా..." పిల్లతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమని డాక్టరుగారు చెప్పారు కూడా. ఒక్క దెబ్బకు రెండు పిట్టలనుకున్నాను. రెండూ నా నెత్తినే వాలాయి.

మనవరాలికి మాట రావాలని మొక్కుకుని అత్తయ్య దాన్ని నెమలి వేణుగోపాలస్వామి దగ్గరికి తీసుకెళ్లారు. ప్రసాదం చేతిలో పెట్టగానే పాప నోరు విప్పింది. ఇరవై నాలుగు మాటలూ, రాగంతో సహా. అత్తయ్య వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టారు. తిరువూరులో మా ఇంట్లో కూర తరుగుతూ చూశాను. బిడ్డ తొలి పలుకు విన్న తల్లికి కన్నీళ్లు రావాలి. వచ్చాయి. కారణమే వేరు. ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేడంటారు. ఇంటి పాటను ఆపనూ లేడు.

"అత్తయ్యా, ఆ వీడియో తీసేయండి," అన్నాను ఫోన్లో.

"దిష్టి తగులుద్దనా? ఇంటికొచ్చాక తీస్తాలే. పెనుగొలను పిన్ని అప్పుడే అడిగింది, ఏ కాన్వెంటులో వేశారని."

"దిష్టి కాదండి. ముందు తీసేయండి."

"మూడేళ్లకి నోరు తెరిచిన పిల్లని మూయించమంటావేంటమ్మా?"

అని విసుక్కుంటూనే వీడియో తీసేశారు.

ఎవరైనా ఊడ్చేసేలోపు డబ్బును వేరేచోటికి పంపాలని పరికరం తెరిచాను. కంగారులో పిన్ నంబరు తప్పు కొట్టాను. మళ్లీ తప్పు. మూడోసారీ తప్పే. దొంగ చేతిలో పడ్డాననుకుని అది తనను తాను తుడిచేసుకుంది, కాపలా కుక్క యజమానురాలినే కరిచినట్టు. ఇక ఆ మాటలే దిక్కు. పాడుకుంటూ పోయాను. సగంలో ఆగిపోయాను. తరవాతి మాట ఎంతకీ రాలేదు.

వీడియో మళ్లీ పంపమని సిగ్గు విడిచి అడిగాను. "ఫోన్లోంచే తీసేశాను. నువ్వే అన్నావుగా," అన్నారు అత్తయ్య పొడిపొడిగా.

ఆటో దిగిన పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని బతిమాలాను. చాక్లెట్ చూపించాను. చివరికి గొంతు పెంచాను. అది బిక్కమొహం వేసి పెదాలు బిగించింది. దాని వైద్యం డబ్బు దాని నోట్లోనే ఉంది. ఆ నోరు మూయించింది నేను.

అత్తయ్య దగ్గరికొచ్చారు. పాపను భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, "లెమనూ, టైగరూ..." అని అందుకున్నారు. గోడ అవతల పడుకుని రోజూ విన్నారట. ఆవిడకు వచ్చినవి ఆ రెండే. మూడోది పాప అందుకుంది. ఒక్కో మాటా పరికరంలో కొట్టుకుంటూ పోయాను. చివరి మాట అయిపోయినా పాప ఆగలేదు. నా వైపు తిరిగి, "అమ్మ," అంది.

"అదీ కొట్టుకో," అన్నారు అత్తయ్య.

ఆ పరికరంలో ఇరవై అయిదో మాటకు చోటు లేదు.

డబ్బు చెక్కుచెదరలేదు. చుట్టాలందరూ అది ఇంగ్లీషు పద్యమనుకున్నారు. ఆ పూటే కొత్త వాలెట్ తెరిచి, అందులోకి మార్చేశాను.

గ్యాస్ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కొత్త మాటలు స్టీలు రేకు మీద నా చేత్తోనే చెక్కి లాకర్లో పెట్టాను. వాటిని నిద్రలో కూడా పాడను. పాత పాట మాత్రం రోజూ పాడుతున్నాను. దాని వెనక ఇప్పుడు పైసా లేదు, ఊరంతా వినవచ్చు. చివర ఒక మాట కలిపాం. అది పాప వంతు.