సున్నా కాదు, ఖాళీ

మా కంప్యూటర్ ల్యాబ్ సారు మొన్న నల్లగొండ దవాఖానలో కన్నుమూశారు. సంతాప సభలోనే ఒక పెద్దమనిషి లేచి, "మంచోడే గని, చేతగాక పని ఆపి కాలేజీకొచ్చిన ప్రాజెక్టు పోగొట్టిండు" అన్నారు. ఈ అభియోగానికి నేనే జవాబు చెప్పాలి. ఆ రోజు కీబోర్డు ముందు కూర్చున్నది నేనే.

బోరింగుల నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో చూపే ప్రోగ్రామును జావాలో రాశాం. ఒక్కో బోరింగుకు పన్నెండు నెలల అంకెలు డేటాబేసు పట్టికలోంచి అర్రేలోకి, అంటే ప్రోగ్రాము లోపలి గడుల వరుసలోకి, వచ్చి, తిరిగి పట్టికలోకి చేరాలి. పదకొండింటికి ప్రాజెక్టు ఇచ్చిన అధికారులు దాన్ని చూడటానికి వస్తారు. పదింటికి, మోత్కూర్ దగ్గరి ఒక ఊరి బోరింగుకు అన్నీ సున్నాలు, కింద "నీళ్లు మంచివి" అన్న మాట కనిపించాయి.

"మంచి ఊరు సార్," అంటూ సేవ్ చేయబోయాను.

"ఆగు బిడ్డా, కొట్టకు!" సారు నా చేయి పట్టుకున్నారు. "ఆ ఊరికి పరీక్షకు ఎవలు పోయిన్రు?"

ఎవరూ వెళ్లలేదు.

"మిషన్ చెప్పిందని నమ్మకు, మిషన్‌కు ఎవలు చెప్పిన్రో అడుగు" అనేది ఆయన నిత్యం అనే మాట. పట్టికను నేరుగా తెరిచారు: అక్కడ ఖాళీ. అర్రేను అచ్చు వేయించారు: అక్కడ సున్నా. జావాలో ఉత్త అంకెల అర్రేకు ఖాళీ అంటే తెలియదు. ఏమీ పెట్టని గడిలో సున్నా ఉంచుతుంది. సేవ్ చేసి ఉంటే పట్టికలోని ఖాళీలూ సున్నాలయ్యేవి. పరీక్షే జరగలేదన్న ఆనవాలు చెరిగిపోయేది.

"ఒక్క ఊరే గద సార్, వాళ్లు పోయినంక దిద్దుదాం," అని వాదించాను.

సారుది చేనేత కుటుంబం. "పోగు తెగిన జాగల తెల్లపోగు ఉన్నదని నేనంటె మా బాపు నన్ను మగ్గం మీదికెల్లి లేపుతుండె," అన్నారు. వాదనలో నన్ను ఓడించింది ఆయనొక్కరే. ఆ ఓటమికి నేను కృతజ్ఞురాలిని.

ప్రిన్సిపాల్ పరుగున వచ్చారు. "ఇయ్యాల చూపియ్యకుంటె మన ఇజ్జత్ పోతదయ్యా!"

"ఇజ్జత్ మనది సార్. ఆ నీళ్లకు వంగిపోయే బొక్కలు వాళ్లయి," అన్నారు మా సారు.

అధికారులకూ సూటిగానే చెప్పారు: "దీన్ని నమ్మకుండ్రి. ఇంక రెండు రోజులు గావాలె." వాళ్లు మళ్లీ రాలేదు. ఆ రెండు రోజుల్లో ప్రతి అంకెనూ, ఖాళీగా ఉండగలిగే ఆబ్జెక్టులోకి మార్చాం. ఆ ఊరి పక్కన "పరీక్ష జరగలేదు" అని వచ్చింది. దాన్ని చూడటానికి ఎవరూ మిగల్లేదు.

ఆయన పని ఆపిన మాట నిజం. చేతగాక కాదు.

మౌనం పాటించి లేచిన పెద్దలారా, ఆ ఊరి బోరింగును ఇప్పటికీ ఎవరూ పరీక్షించలేదు. ఈ పొద్దు కూడా ఆడవాళ్లు అక్కడే బిందెలు నింపుతున్నారు. రేపు ఒక సీసా పట్టుకుని నాతో రండి.