అంచున ఉన్న చెయ్యి

ముప్పై ఏళ్లు యుద్ధాల వెంట తిరిగిన ఆ ఫొటోగ్రాఫరు, పొద్దున్నే మొహం కడుక్కోగానే గోడమీద తను తీసిన ఫొటోల అద్దాలు తుడిచి, ప్రతి మొహం ముందూ తల వంచేవాడు. నోట్లో నాలుక లేదనిపించుకున్న మనిషి, ఒకనాడు ప్రదర్శనశాలలో నిప్పులు కక్కాడు. శిథిలాల్లో చనిపోయిన పాపను తను తీసిన ఫొటోలో, ఆ పాప వేళ్లు పట్టుకున్న తల్లి చేతిని నిర్వాహకుడు కత్తిరించేశాడు.

"అది అంచున అడ్డంగా ఉంది సార్. తీసేస్తే ఫొటో ముచ్చటగా ఉందిగా!"

"ముచ్చటా? బాంబు కూడా విడిపించలేని చేతిని నీ కత్తెర విడిపించిందిరా!"

ఇంట్లో ఉన్న అసలు ఫొటో చంకన పెట్టుకుని, పటాలు కట్టే ముసలాయన దగ్గరికి వెళ్లాడు.

"మొహం కందగడ్డలా ఉందేం, ఎవరితో గొడవపడ్డావు?" అన్నాడాయన.

"అన్నా, నాకో సాయం కావాలి. ఎంత పెద్ద అద్దమైనా సరే, ఈ తల్లి చెయ్యి లోపలే ఉండేట్టు పటం కట్టివ్వు."